ఈశ్వరయ్య సిమెంటు, సిద్ధమ్మ నీళ్ళు

ఇళ్ళు కట్టే రాయచోటి బేల్దారి ఈశ్వరయ్యకు కువైట్‌లో ఇద్దరే శత్రువులు. ఒకటి ఎండ, ఇంకొకటి నీళ్ళు. ఎండను తిట్టుకోనివాడు అక్కడ ఎవడూ లేడు గానీ, ఎడారిలో ఉంటూ నీళ్ళతో తగవు పెట్టుకున్న మనిషి మాత్రం ఆయనొక్కడే. సిమెంటు మాలు కలిపే చోట ఎవడైనా చెంబెడు నీళ్ళు ఎక్కువ పోశాడంటే చాలు, పార కింద పడేసి, నడుం మీద చేతులు పెట్టుకుని, పోసినవాడి వంశాన్నంతా వరసపెట్టి పలకరించేవాడు. మేస్త్రీ పరుగెత్తుకొచ్చినా, ఇంజనీరు వచ్చి "యల్లా, యల్లా" అని తొందరపెట్టినా, ఆ మాలు పారబోసి కొత్తది కలిపిందాకా పని కదిలేది కాదు. తోటివాళ్ళు ఆయనకు నీళ్ళ ఈశ్వరయ్య అని పేరు పెట్టారు. ఆ పేరు విని, దాహానికి నీళ్ళిచ్చే దయగల మనిషి కాబోలని కొత్తవాళ్ళు దగ్గరికి పోయి, తిట్లు తిని వచ్చేవాళ్ళు.

ఈ పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆయన కూడా అందరి మాదిరే మాలు జారుగా, పార తోస్తే పోయేట్టు కలుపుకుని హాయిగా బతికాడు. కువైట్ వచ్చిన రెండో ఏడు కాలి మడమ బెణికి పరంజా ఎక్కలేకపోతే, వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న కఫీల్ ఆయన్ను నాలుగు నెలల పాటు సిమెంటు పరీక్షలు చేసే ఒక లేబొరేటరీలో సాయానికి పెట్టాడు. కాంక్రీటు దిమ్మెల్ని మిషన్‌లో పెట్టి, ఎంత బరువుకు పగులుతాయో చూసి రాసుకునే ఉద్యోగి అక్కడ అబ్దుల్ ఖుద్దూస్. కడప మనిషి. మన మాట మాట్లాడేవాడు దొరక్క మొహం వాచి ఉన్నాడేమో, ఈశ్వరయ్య దొరకగానే తనకు తెలిసిందంతా ఆయన చెవిలో పోసేశాడు.

"ఈశ్వరన్నా, సిమెంటు ఎండి గట్టిపడతాదని కదా నువ్వనుకుంటాండేది? ఎండి కాదన్నా. తాగి గట్టిపడతాది" అన్నాడు మొదటి రోజే.

ప్రతి సిమెంటు రేణువూ చుట్టూ ఉన్న నీళ్ళు తాగి, ఒళ్ళంతా సన్నటి నూగులాంటిది పుట్టించుకుంటుందట. ఈ రేణువు నూగూ పక్క రేణువు నూగూ ఎదురొచ్చి పెనవేసుకుంటాయట. నిన్న నీళ్ళున్న చోటును ఈ రోజు కొంత, రేపు కొంత ఆ నూగు ఆక్రమించుకుంటూ పోతుంది. గట్టిపడటమంటే అదే. నీళ్ళు సరిగ్గా పోస్తే సందులు చాలావరకు పూడిపోయి, మిగిలిన కాసిని బొక్కలూ ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా ఉండిపోతాయి. నీళ్ళెక్కువైతే రేణువులు దూరదూరంగా నిలబడతాయి. ఎన్నాళ్ళు నూగు పెరిగినా అవతలిది అందదు. తాగగా మిగిలిన నీళ్ళు ఎప్పుడో ఎగిరిపోతాయి, అవి ఉన్న చోటు బొక్కగా మిగులుతుంది, ఆ బొక్క పక్క బొక్కతో కలిసి దారి అవుతుంది. పోనీ నీళ్ళు కొలతగా పోసినా, తర్వాత పైన తడి ఆరనిచ్చావా, నూగు ఎక్కడిదక్కడే ఆగిపోతుంది.

నమ్మకపోతే చూడమని ఖుద్దూస్ రెండు ముక్కల్ని వేడిలో బాగా ఆరబెట్టి, తూచి, ఒక రోజంతా నీళ్ళలో నానేసి మళ్ళీ తూచాడు. చూడ్డానికి రెండూ ఒకటే రంగు, ఒకటే నునుపు. జారుగా కలిపిన ముక్క మాత్రం రెండోదానికి మూడింతలు తాగి కూర్చుంది.

"ఈ పెరిగిన బరువంతా బొక్కలేన్నా. కంటికి దాక్కుంటాయి గానీ తక్కెట్లో దొరికిపోతాయి" అన్నాడు ఖుద్దూస్.

ఆ రోజు నుంచి ఈశ్వరయ్యకు లోకమంతా బొక్కలే కనిపించసాగాయి. రాయచోటిలో తన చేత్తో వేసిన మిద్దెలన్నీ గుర్తుకొచ్చి రెండు రోజులు అన్నం సయించలేదు. నేను వేసిన మీ మిద్దె మీదికి ఎక్కువ మందిని ఎక్కనీయొద్దని బావమరిదికి ఉత్తరం రాశాడు. బావమరిది ఆ ఉత్తరాన్ని కనపడినవాడికల్లా చదివి వినిపించి, కువైట్ ఎండ మా బావ తలకెక్కిందని ఊరంతా చాటాడు.

వీటన్నిటినీ భరించింది ఆయన భార్య సిద్ధమ్మ. ఆమె ఫింటాస్‌లో కఫీల్ ఇంట్లోనే పనిచేసేది. ఆ ఇంటి పెరట్లో మొగుడూ పెళ్ళాలకు ఒక గది ఇచ్చారు. నాలుగేళ్ళుగా సాయంత్రం అన్నంతో పాటు ఆమెకు రోజూ బొక్కల కథే.

"ఓమే, ఈ ఉప్మాలో నీళ్ళెక్కువైనాయి" అనేవాడు ఆయన.

"అయితే? బొక్కలు పడతాయా?"

"పడతాయి."

"పడనీలే. నువ్వు తినేదానికే గానీ, దాని మింద మిద్దె లేపేది లేదు కదా" అనేది ఆమె.

తొంభయ్యో సంవత్సరం ఎండాకాలం సెలవులకని కఫీల్ కుటుంబమంతా లండన్ పోయింది. పోతూ పోతూ, పనివాళ్ళు మామా అని పిలిచే కఫీల్ భార్య తాళాల గుత్తి సిద్ధమ్మ చేతికిచ్చి, ఇల్లు జాగ్రత్త అని వేలెత్తి మరీ చెప్పింది. వాళ్ళు పోయిన వారానికి, ఆగస్టు రెండో తేదీ తెల్లవారేసరికి, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. కఫీల్‌ది చిన్న బిల్డింగు కాంట్రాక్టు కంపెనీ. అందులో పనిచేసే మనవాళ్ళంతా భయపడి ఒకచోట ఉందామని ఈ ఇంటి పెరట్లోకే వచ్చి చేరారు. స్టోరు చూసుకునే వెంకటసత్యనారాయణది అమలాపురం. నోరున్న మనిషి కాబట్టి అడక్కుండానే పెద్దరికం తీసుకున్నాడు. పక్కింట్లో వంట చేసే రాజోలు గంగారత్నం కూడా, యజమానులు ఆమె పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టి సౌదీ వైపు కారెక్కేస్తే, మూటతో ఇటే వచ్చేసింది. మొత్తం పదకొండు మంది.

మిగిలిన పది పాస్‌పోర్టులూ లోపల మామా బీరువాలో ఉన్నాయి. నాలుగేళ్ళుగా ఆ బీరువా దుమ్ము దులిపిందే గానీ, సిద్ధమ్మ ఏనాడూ దాని తలుపు తీసి ఎరగదు. ఇప్పుడు అందరూ గుమ్మం బయట నిలబడి తొందరపెడితే, ఆమె చెప్పులు విప్పి, తాళం తీసి, పది పాస్‌పోర్టులూ కొంగులో వేసుకుని వచ్చింది. తన పాస్‌పోర్టు తానే దొంగిలించినందుకు ఆ పూట ఆమెకు అన్నం లోపలికి పోలేదు.

దొంగిలించడమైతే అయింది, దాచడమెలా? సైనికులు ఇళ్ళల్లో జొరబడి బంగారం, రేడియోలు, కాగితాలు, ఏది దొరికితే అది పట్టుకుపోతున్నారు. పాస్‌పోర్టు పోయిందంటే ఇండియా మాట మర్చిపోవడమేనని అందరూ చెప్పుకుంటున్నారు. అప్పుడు వెంకటసత్యనారాయణ ఈశ్వరయ్యను కూర్చోబెట్టి ఒక ఉపాయం చెప్పాడు.

"చూడండి ఈశ్వరయ్యగారూ, ఇసకలో పాతితే ఇనప ఊచలెట్టి పొడిచి చూత్తన్నారంట. గోడలో పెడితే గోడలు తట్టి చూత్తన్నారంట. మన స్టోర్లో సిమెంటు బస్తాలున్నాయి కదండీ? కుళాయి కాడ బట్టలుతుక్కోడానికి ఓ తిన్నె కట్టేయండి. పాలపొడి డబ్బాలో పాస్‌పోర్టులెట్టి తిన్నె లోపల పడేద్దాం. బట్టలుతికే తిన్నెను ఎవడనుమానిత్తాడండీ?"

"బాగుండాది అప్పా" అన్నాడు ఈశ్వరయ్య.

"ఒక్కటి మాత్రం మనసులో ఎట్టుకోండి. గట్టిగా కట్టకండి బాబూ. నీళ్ళు దండిగా పోసేసి, ఉత్తుత్తిగా కట్టండి. ఇంటికెళ్ళే కబురొచ్చిన రోజున ఒక్క తన్ను తన్నితే ఊడొచ్చేయాలి."

ఈశ్వరయ్య మొహం చూడాల్సింది. సద్దాం సైన్యం వచ్చినప్పుడు కూడా ఆ మొహం అంత నల్లబడలేదు. నీళ్ళు దండిగా పోయాలట! ఉత్తుత్తిగా కట్టాలట! ఎవరితో అంటున్నాడు ఆ మాట? కానీ పది మంది కళ్ళు తన మీదే ఉన్నాయి.

"సరేలే అప్పా" అన్నాడు చివరికి.

గడప దగ్గర బియ్యంలో రాళ్ళేరుతున్న సిద్ధమ్మ తలెత్తి మొగుడి వైపు ఒక్కసారి చూసింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన "సరే"లు ఆమె చాలా విన్నది. మాటకు ముందు ఒక్క క్షణం ఆగితే ఆ సరేకు అర్థం లేదని ఆమెకు తెలుసు. మళ్ళీ తల వంచుకుని రాళ్ళేరుకుంది.

మరుసటి రోజు పొద్దున్నే ఈశ్వరయ్య చెక్కలు అడ్డం పెట్టి, ఆరడుగుల పొడవున మోకాలెత్తు అచ్చు కట్టాడు. కుళాయి వైపు సగం ముందు పోశాడు. ఉత్తుత్తిగానా? ఇసుకను రెండుసార్లు జల్లించాడు, కంకర కడిగాడు, నీళ్ళు మగ్గుతో కొలిచి పోశాడు. పార వేస్తే అడుక్కు పోకుండా నిలబడేంత బిగువుగా కలిపి, కట్టెతో కుక్కి కుక్కి ఒక్క గాలిబుడగ లేకుండా చేశాడు. పదకొండు పాస్‌పోర్టులున్న డబ్బాను ప్లాస్టిక్ కవర్లలో చుట్టి దాని నడుమ పెట్టి, పైన జానెడు మందం వేశాడు. ఎవరైనా వచ్చి చూస్తారేమోనని మధ్యమధ్యలో వెనక్కి తిరిగి చూసుకుంటూ, దొంగతనంగా మంచి పని చేశాడు.

రెండో సగానికి మాలు పొడిగా కలిపి, నీళ్ళు పోయబోతుండగా గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడయింది. ఎవరో ఒకరు పోయి మాట్లాడకపోతే లోపలికే వచ్చేస్తారు. ఈశ్వరయ్య చేతులు దులుపుకుంటూ పరుగెత్తాడు. ముగ్గురు సైనికులు. వాళ్ళకు కావాల్సింది చల్లని నీళ్ళు, ఆ తర్వాత కాసేపు కాలక్షేపం. ఇండియా మనిషివి కదా, పాట పాడమన్నారు. ఈశ్వరయ్యకు హిందీ పాట ఒక్కటీ రాదు. తప్పనిసరై గేటు మధ్యలో నిలబడి, చేతులు చరుస్తూ, ఊరి చెక్కభజన పాట ఎత్తుకున్నాడు. అది వాళ్ళకు నచ్చింది, అదే కర్మ. మళ్ళీ పాడమన్నారు, అడుగులు కూడా వేయమన్నారు. అరగంట ఆడించి వదిలిపెట్టారు.

ఆయన చెమటలు కక్కుకుంటూ పెరట్లోకి వచ్చేసరికి తిన్నె పూర్తయిపోయి ఉంది. సిద్ధమ్మ తాపీ కడుగుతోంది.

"ఎండకు బిగుసుకపోతాదని నేనే పోసేసినా" అంది.

ఈశ్వరయ్య వంగి చూశాడు. రెండో సగం పైభాగం వెన్న పూసినట్టు నున్నగా ఉంది. దాని మీద పలచగా నీళ్ళ పొర మెరుస్తోంది.

"నీళ్ళు చల్లినావా మే?"

"ఎండ కదా. కొంచెం చల్లినా."

ఆయన సంతోషపడ్డాడు. నాలుగేళ్ళు చెప్పగా చెప్పగా పెళ్ళానికి పని పట్టుబడిందని మురిసిపోయి, రెండు సగాలూ కలిసేట్టు పైన ఒకసారి తాపీ తిప్పాడు.

ఆ మర్నాటి నుంచి ఆయనకు ఇంకో పని లేదు, తిన్నెకు నీళ్ళు పట్టడమే పని. గోనెసంచులు తడిపి దాని మీద కప్పాడు. ఆరితే మళ్ళీ తడిపాడు. కుళాయి ఒక రోజు వస్తే రెండు రోజులు రాని కాలమది. తాగే నీళ్ళు తిన్నెకు పోస్తే ఊరుకునేది లేదని వెంకటసత్యనారాయణ గట్టిగా చెప్పేశాడు. ఈశ్వరయ్య దానికీ దారి కనిపెట్టాడు. రోజూ తిన్నె మీద నిలబడి, సబ్బు లేకుండా స్నానం చేశాడు. తన వాటా నీళ్ళు, తన ఒళ్ళు, ఎవడేమంటాడు?

"ఇదేం చోద్యం సిద్ధమ్మొదినా! మీ ఆయన తానాలకోసం తిన్నె కట్టాడా, తిన్నె కోసం తానం చేత్తన్నాడా?" అని గంగారత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది.

"తిన్నెకే. ఆయన ఒంటికైతే వారానికొకసారే" అనేది సిద్ధమ్మ.

మూడో వారంలో సైనికులు నిజంగానే వెతకడానికి వచ్చారు. ఇద్దరు లోపలికి పోయి టీవీ, మామా సూట్‌కేసులు, వంటింట్లో మిక్సీ బయటికి మోశారు. స్టోరు గది తెరిచి గడ్డపారలు, సమ్మెటలు కూడా జీపులో వేసుకున్నారు. నెరిసిన మీసాలవాడొకడు గంగారత్నం చేత టీ పెట్టించుకుని, కూర్చోవడానికి చోటు కోసం చూసి, నేరుగా వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. సరిగ్గా డబ్బా పెట్టిన చోట.

అతను తాగుతుంటే పక్కన కాస్త టీ ఒలికింది. తాగిన తర్వాత అడుగున మిగిలింది తిన్నె రెండో కొసకు విసిరాడు. అందరూ సైనికుడి చేతి వైపు, తుపాకీ వైపు చూస్తున్నారు. ఈశ్వరయ్య మాత్రం టీ వైపు చూస్తున్నాడు. కుళాయి వైపు ఒలికిన టీ గుండ్రంగా అక్కడే నిలబడి ఉంది, ఈగలు కూడా వాలాయి. అవతలి కొసన పడిన టీ చూస్తుండగానే లోపలికి ఇంకిపోయి గోధుమరంగు మచ్చ మాత్రం మిగిలింది.

మీసాలవాడు లేచి, తుపాకీ మడమతో తను కూర్చున్న చోట ఒక్కటి వేశాడు. ఖణేల్మంది. ఒక్క పెచ్చు లేవలేదు.

"జైన్" అన్నాడు మెచ్చుకుంటూ.

పెదవి బిగించుకుని ఊరుకోవాలి కదా! ఈశ్వరయ్య వల్ల కాలేదు. ముందుకొచ్చి రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, "మాయ్ కలీల్! మాయ్ కలీల్, వాజిద్ జైన్!" అన్నాడు, నీళ్ళు తక్కువ పోస్తే చాలా బాగా వస్తుందని ఆయనకొచ్చిన అరబ్బీలో. సైనికుడు నవ్వి, ఆయన భుజం తట్టి పోయాడు. వెంకటసత్యనారాయణ గోడకు చేరగిలబడి అట్లాగే కిందికి జారిపోయాడు.

"మీకు మతుందా అండీ? మా అందరి పేణాలూ డబ్బాలో ఉంటే, వాడికి సిమెంటు పాఠం చెబుతారా? అయినా అంత గట్టిగా మోగిందేంటండీ అది? ఉత్తుత్తిగా కట్టమన్నాను కదా!"

ఈశ్వరయ్యకు ఆ మాటలేవీ వినపడలేదు. ఆయన అవతలి కొసన మోకాళ్ళ మీద కూర్చుని టీ మచ్చను వేలితో తడుముతున్నాడు.

"ఓమే, ఈ పక్క టీ ఏమయింది?"

"ఆరింది" అంది సిద్ధమ్మ.

"ఆ పక్కది ఆరలేదే?"

"ఏమో. ఆ పక్క ఈగలు కాపలా ఉండాయి" అని ఆమె గ్లాసులు తీసుకుని వంటింట్లోకి పోయింది. ఆ మచ్చ గురించి ఈశ్వరయ్య మూడు రోజులు మనసు పాడుచేసుకున్నాడు. ఇసుకలో ఉప్పుందేమోననుకున్నాడు, ఎండ దెబ్బ తగిలిందేమోననుకున్నాడు. ఆ కొస మీద ఇంకో గోనెసంచి ఎక్కువ కప్పి, స్నానం కూడా అటువైపుకు మార్చాడు.

సెప్టెంబరు రెండో వారంలో ఒక పొద్దున ఏడున్నరకు వెంకటసత్యనారాయణ ఫహాహీల్ నుంచి రొప్పుతూ వచ్చాడు.

"బస్సులొచ్చాయండీ! బాగ్దాద్ మీదుగా అమ్మాన్, అక్కణ్ణుంచి ఇమానం. ఇండియన్ స్కూలు కాణ్ణుంచి తొమ్మిదింటికి మన బస్సు. చేతిలో పాస్‌పోర్టు లేనోణ్ణి ఎక్కించుకోరంట. మళ్ళీ ఎప్పుడో ఎవడికీ తెల్దంట. యల్లా, డబ్బా తియ్యండి!"

స్కూలుకు నడిచిపోవడానికే గంట. అంటే డబ్బా బయటికి రావడానికి ఉన్నది అరగంట. గడ్డపారలూ సమ్మెటలూ సైనికుల పాలయ్యాయి. మిగిలింది చేతి సుత్తి ఒకటి, ఉలి ఒకటి. ఈశ్వరయ్య కుళాయి వైపు కూర్చుని మొదటి దెబ్బ వేశాడు. నిప్పురవ్వ లేచింది. రెండో దెబ్బకు సుత్తి ఎగిరి ఆయన మోకాలికే తగిలింది. పది నిమిషాలు కొట్టేసరికి గోటి మందం పెచ్చొకటి ఊడింది.

"అన్నయ్యగారూ, దేంతో కట్టారండీ దీన్ని?" అంది గంగారత్నం ఏడుపు గొంతుతో.

"ఒక్క తన్నుకు ఊడాలని చెప్పానా లేదా!" అని వెంకటసత్యనారాయణ నిజంగానే తిన్నెను ఒక్క తన్ను తన్ని, పాదం పట్టుకుని కుంటుతూ గుండ్రంగా తిరిగాడు.

ఈశ్వరయ్య తలెత్తలేదు. తడి ఆరనీయకుండా నెల పైన తానే పెంచిన నూగది. ఒక్క సందు మిగలకుండా తానే పూడ్పించాడు. ఎక్కడ కొట్టాలో ఆయనకే తెలియదు, ఎందుకంటే బలహీనమైన చోటు ఎక్కడా ఉంచలేదు. వీధి చివర సైనికుల కాపలా ఉంది, ఈ చప్పుడుకు ఏ క్షణాన్నయినా వస్తారు. పదకొండు మంది తాలూకు వాళ్ళూ ఊళ్ళల్లో రేడియోల ముందు కూర్చుని ఉన్నారు. తన మంచి పని ఇంతమందిని ఇక్కడే పూడ్చేయబోతోందని తెలిసి, ఈశ్వరయ్యకు జీవితంలో మొదటిసారి తన చేతులంటే భయమేసింది. లోకంలో ఉన్న పనికిమాలిన బేల్దారులందరూ ఆ క్షణంలో ఆయనకు దేవుళ్ళలా కనిపించారు. కొడుతూనే ఉన్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

ఇంత జరుగుతుంటే సిద్ధమ్మ ఎక్కడుంది? లోపల, మామా ఇంట్లో. దోచుకోగా మిగిలిన ఇల్లయినా సరే, ఎంగిలి గిన్నెలు వదిలి, నేల తుడవకుండా తాళం వేయడం ఆమెకు చేతకాదు. మొగుడికి తగిన పెళ్ళామే. గంగారత్నం పరుగెత్తుకుంటూ పోయి, "ఒదినా, డబ్బా రావట్లేదు!" అంటే, అప్పటికి వంటిల్లు తుడవడం ముగించి, మిగిలిన బకెట్ నీళ్ళతోనే బయటికి వచ్చింది.

"జరుగు" అంది మొగుడితో.

ఆ కొస నుంచి ఈ కొస దాకా బకెట్ నీళ్ళు పొడుగునా వంచింది. కుళాయి వైపు సగం మీద నీళ్ళు నిలబడి, అంచుల మీదుగా కారిపోయాయి. అవతలి సగం దాహం పట్టిన దూడ మాదిరి గుటగుటా తాగేసి, తాగినంత మేరా నల్లబడింది. రెండింటి మధ్య గీత గీసినట్టు తేడా కనపడింది.

"ఆ నల్లగయిన చోట కొట్టు" అంది.

"డబ్బా ఈడ పెట్టినా కదే!"

"నువ్వు పెట్టింది ఈడనే. నువ్వు గేటు కాడ చిందులేస్తాంటే, పచ్చిగా ఉన్నప్పుడే తీసి, ఆ గుంత నీ కొలతతోనే పూడ్చి, డబ్బా ఆడ పెట్టినా. కొట్టు ముందు."

ఈశ్వరయ్య అక్కడ ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. ఉలి సగం దిగబడింది. ఇంకో దెబ్బకు గుప్పెడు ముక్క రాలింది. ఐదు నిమిషాల్లో పాలపొడి డబ్బా బయటికొచ్చింది. గంగారత్నం దాన్ని ఒళ్ళో పెట్టుకుని పాస్‌పోర్టులు పంచుతుంటే, అందరూ ఏడుస్తూ నవ్వుతూ ఉంటే, ఈశ్వరయ్య మాత్రం రాలిన ముక్కొకటి ఎండకు ఎత్తిపట్టి చూస్తున్నాడు.

"ఎన్ని నీళ్ళు పోసినావే?"

"రెండు బకెట్లు."

"రెండా!" అన్నాడు, ఊళ్ళో ఎవరో పోయారని కబురు విన్నట్టు. ఆమె ఆయన రెక్క పట్టుకుని గేటు దాటించింది. ఆ ముక్క మాత్రం ఆయన జేబులోకి చేరిపోయింది.

బస్సు బస్రా దాటిందాకా ఆయన జేబులోని ముక్కను తడుముతూనే కూర్చున్నాడు. ఆ తర్వాత కిటికీ వైపు చూస్తూనే అడిగాడు.

"నా మింద నమ్మకం లేకపోయె కదా నీకు?"

"నమ్మకం ఉండబట్టే పోసినా" అంది సిద్ధమ్మ. "నీళ్ళెక్కువ పొయ్యమని ఎవురెంత మొత్తుకున్యా నీ చెయ్యి పొయ్యదు. అది నాకి తెలుసు. చెడగొట్టేదానికి ఒక మనిషి కావాల్సొచ్చింది. ఇంకెవురుండారు నీకు?"

ఈశ్వరయ్య తన చద్దరు మడతపెట్టి, ఆమె తల కింద పెట్టుకొమ్మని ఇచ్చాడు.

తొంభై రెండులో కఫీల్ మళ్ళీ వీసాలు పంపితే ఇద్దరూ ఫింటాస్‌కు తిరిగి వచ్చారు. సిద్ధమ్మ రాయచోటిలో రెండేళ్ళు మెడలో వేసుకు తిరిగిన తాళాల గుత్తిని మామా చేతిలో పెట్టింది. ఆ తాళాలు పట్టే తలుపు ఆ ఇంట్లో ఒక్కటీ మిగలలేదు, అయినా మామా ఆ గుత్తిని గుండెకు హత్తుకుని ఏడ్చింది. ఈశ్వరయ్య పెట్టె కూడా విప్పకుండా పెరట్లోకి పోయాడు. యుద్ధం మొత్తం దాటి వచ్చి, కుళాయి వైపు సగం చెక్కుచెదరకుండా ఉంది. రెండో సగాన్ని పూర్తిగా తవ్విపారేసి, ఆ సాయంత్రానికల్లా మగ్గుతో కొలిచి కొత్తది పోశాడు. సిద్ధమ్మను మాత్రం ఆ చుట్టుపక్కలకు రానీయలేదు.

ఆయన ఇంకా పద్దెనిమిదేళ్ళు అక్కడ పనిచేశాడు. ఆ ముక్క ఎప్పుడూ పనిముట్ల సంచిలోనే ఉండేది. కొత్తగా వచ్చిన పనివాడు మాలులో నీళ్ళెక్కువ పోస్తే తిట్టాల్సినవన్నీ తిట్టి, ఆ ముక్కను వాడి చేతిలో పెట్టి, పైన రెండు చుక్కల నీళ్ళు వేసి, ఎట్లా తాగుతుందో చూపించేవాడు.

"చూస్తివా? అంతా బొక్కలే. ఇంత పాడు సిమెంటు కువైట్ మొత్తంలో ఇంకోటి లేదు."

"ఎవురన్నా ఇట్లా కలిపింది?" అని వాడు నవ్వేవాడు.

"మా ఇంటామె" అని ఈశ్వరయ్య ఆ ముక్కను జాగ్రత్తగా తుడిచి, గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకునేవాడు. "నవ్వొద్దు. ఆ బొక్కల్లోంచే మేము పదకొండు మందిమి ఇంటికి పోయినాము."